జాలీ మీద టేపు

ఆ కాగితం నవంబరులో మా పోస్టు డబ్బాలో పడింది. బిల్డింగు బాగోగులు చూసే ఆఫీసు వాళ్ళు పంపించారు. వచ్చే మంగళవారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు లోపు గాలి గొట్టాలు శుభ్రం చేసే కంపెనీ మనుషులు ప్రతి ఇంటికీ వస్తారని, బాత్రూంలోకి దారి ఖాళీగా ఉంచమని, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలని అందులో ఉంది. మెట్ల మీద నిలబడి మూడుసార్లు చదివాను. అర్థం కాక కాదు. అప్పటికి ఇలాంటి ఉత్తరాలు నిఘంటువు లేకుండా చదవగలిగేదాన్ని. అర్థమైంది కాబట్టే. మా బాత్రూం గోడలో ఉన్న గాలి గొట్టం జాలీ మీద ప్లాస్టిక్ కవరు పరిచి, నాలుగు వైపులా బ్రౌను టేపు వేసి అప్పటికి రెండు నెలలైంది. వేసింది నేనే.

నేను ఇంటర్ రెండో ఏడాది లెక్కలు తప్పి అక్కడే ఆగిపోయినదాన్ని. సూర్యాపేట నుంచి పెళ్ళయ్యాక హైదరాబాదు, అక్కణ్ణించి మా ఆయన బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద ఫ్రాంక్‌ఫర్ట్. ఇక్కడ మా చుట్టూ ఉన్న మనవాళ్ళంతా బీటెక్కులు, ఎమ్మెస్సులు. నాలుగు కుటుంబాలు ఒకచోట చేరితే నేను మెల్లగా గిన్నెలు కడిగే వైపు జరిగేదాన్ని. ఆ సిగ్గే నన్ను మా వీధి చివరి లైబ్రరీలోకి తోసింది. మొదట పాపతో కలిసి బొమ్మల పుస్తకాలు చదివాను. తర్వాత చిన్న క్లాసుల పాఠాలు, ఆ తర్వాత మొక్కల గురించి, శరీరం గురించి, ఇంటి మరమ్మతుల గురించి. తెలియని మాట వచ్చినప్పుడల్లా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అలా తొమ్మిది నోటుబుక్కులు నిండాయి.

రెండేళ్ళు తిరిగేసరికి మనవాళ్ళ గ్రూపులో నా పేరు లైబ్రరీ వదిన అయింది. కిటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, పిల్లల్ని చేర్చే ఫారమైనా, ఆఫీసుల నుంచి వచ్చిన ఉత్తరమైనా ఫోటో తీసి నాకే పంపేవాళ్ళు. బీటెక్కులు చదివినవాళ్ళకి నేను చెప్తున్నాను! ఆ గర్వం నాకు బాగా ఉండేది. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా పోలేదు.

టేపు సంగతి చెప్పాలి. మాది పాత బిల్డింగులో మూడో అంతస్తు. బాత్రూంకి కిటికీ లేదు, గోడలో పైన ఆ జాలీ ఒక్కటే. దాని వెనకాల గొట్టం నాలుగో అంతస్తు మీదుగా పైకప్పు దాకా పోతుంది. నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. సెప్టెంబరులో ఒకరోజు మెట్ల మీద ఎదురై ఆగింది.

"నిన్న మీ ఇంట్లో ఏం వండారు? నా బాత్రూంలో తువ్వాళ్ళకి కూడా ఆ వాసన పట్టింది."

ముందురోజు ఎండుచేపల పులుసు పెట్టాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. సారీ చెప్పి తలొంచుకుని ఇంట్లోకి వచ్చేశాను. సాయంత్రం మా ఆయనకి చెప్తే చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ ఇల్లు పోతే మళ్ల ఏడ దొర్కుతది? ఏడు నెలలు తిరిగినం. ఆమె ఆఫీసుకు ఒక్క మెయిల్ కొడ్తే అయిపాయె."

"పులుసు పెట్టినందుకు ఎల్లగొడ్తరా?"

"నీకు తెల్సా, నాకు తెల్సా? ఎందుకొచ్చిన పంచాది?"

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళగానే, పచ్చళ్ళ పార్సిల్ కట్టేటప్పుడు మిగిలిన టేపు తీసి జాలీ మూసేశాను. పోపు వాసన ఇక పైకి వెళ్ళదు. నా ఉపాయం నాకు ఎంత నచ్చిందంటే, ఇలాంటి ఇబ్బందే ఉన్న మరో రెండిళ్ళ ఆడవాళ్ళకి కూడా చెప్పాను. ఇద్దరూ వేసుకున్నారు.

వాసన పైకి పోకపోతే ఇంట్లోనే తిరుగుతుంది కదా. అందుకని వంటింట్లో పొగ లాగే పెద్ద మెషీను కొన్నాం. గోడకి పాత కన్నం ఒకటి ముందే ఉంది, మా ఆయన ఆఫీసు స్నేహితుడు వచ్చి దానికి గొట్టం బిగించి వెళ్ళాడు. అబ్బ, ఏం లాగేదో! దగ్గర నిలబడితే చున్నీ కొంగు పైకి లేచేది. అది తిరుగుతున్నంతసేపూ మా ముందు తలుపు తెరిస్తే లోపలికి తన్నుకొచ్చేది, మూయబోతే ఒక పట్టాన పడేది కాదు. తలుపు కింద సందులోంచి ఈల వేసినట్టు గాలి దూసుకొచ్చేది. చలికాలం, అడుగు నుంచి చల్లగాలి. పాత దుప్పటి చుట్టి ఆ సందులో కుక్కాను. ఈల ఆగిపోయింది.

అక్టోబరు చివర్లో తలనొప్పులు మొదలయ్యాయి. ముందు నాకు, తర్వాత పాపకి. అప్పుడు దానికి నాలుగేళ్ళు. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే వయసు. కణతలు పట్టుకుని నొప్పి అనేది, కిటాకి వెళ్తే మామూలుగా ఆడుకునేది. మా ఆయనకి శని, ఆదివారాలు మాత్రమే వచ్చేది. నేను చదువుకున్నదాన్ని కదా, అన్నీ నోటుబుక్కులో రాశాను. ఏ రోజు, ఏ వేళ, ఎవరికి. చివర్లో గీత గీసి, "ఇంట్లో ఉంటేనే వస్తోంది, బయటికి వెళ్తే తగ్గుతోంది" అని కూడా రాశాను. కారణం ఇంట్లోనే ఉందని తేల్చుకుని, లైబ్రరీలో ఇంటి గాలి గురించిన ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నాను.

అందులో తేమ మీద ఒక అధ్యాయం, బూజు మీద ఒకటి, దుమ్ము మీద ఒకటి, గాలి గొట్టాలు ఎలా శుభ్రం చేస్తారన్న దాని మీద ఒకటి, గ్యాస్‌తో నడిచే వస్తువుల మీద ఒకటి. చివరిది తిరగెయ్యకుండానే వదిలేశాను. మా పొయ్యి కరెంటుది. ఇంట్లో సిలిండర్ లేదు. అది మా కోసం రాసింది కాదనుకున్నాను. బాత్రూం గోడకి ఉన్న తెల్ల డబ్బా వేణ్ణీళ్ళు ఇచ్చేది, గదుల్ని వెచ్చబెట్టేది. సూర్యాపేటలో మా ఇంట్లో ఉన్న కరెంటు గీజర్ లాంటిదే, కాస్త పెద్దది అనుకునేదాన్ని. దానికి కింద చిన్న అద్దం ఉండేది. ఒకరోజు స్నానం చేయిస్తుంటే పాప అటు చూపించి, డబ్బాలో దీపం పసుపుగా ఉందంది. లైటులే తల్లీ అని తల మీద నీళ్ళు పోశాను.

బూజు అధ్యాయం మాత్రం అక్షరం వదలకుండా చదివాను. మా బాత్రూం మూలలో నల్లచుక్కలు అప్పటికే లేచాయి. గాలి ఆడకపోతే బూజు పడుతుందని పుస్తకంలో స్పష్టంగా ఉంది. తలనొప్పులకి కారణం దొరికిందనుకున్నాను. బూజును రుద్ది కడగొచ్చు, పోయిన ఇల్లు మళ్ళీ దొరకదు. అందుకే టేపు తీయలేదు.

సరిగ్గా అప్పుడే ఆ కాగితం వచ్చింది. గాలి గొట్టాల అధ్యాయం మళ్ళీ తీశాను. ప్రతి జాలీ ఊడదీసి, లోపలికి కెమెరా పంపి, ఫోటోలు తీసి ఆఫీసుకు ఇస్తారని ఉంది. నా టేపు ఫోటో ఆఫీసు ఫైలులో ఉంటుంది. పక్కన మా ఇంటి నంబరు.

"లీవ్ పెట్టన్నా?" అన్నాడు మా ఆయన.

"అద్దు. నేను మాట్లాడుకుంట."

"లైబ్రరీ మేడమ్ ఉండంగ మాకేం భయం," అన్నాడు గానీ ఆ వారమంతా ఆయన కూడా సరిగ్గా తినలేదు.

నేనొక లెక్క వేసుకున్నాను. కింది అంతస్తు నుంచి మొదలుపెడతారు. మా కింద నాలుగిళ్ళు, ఇంటికి ముప్పావుగంట అనుకున్నా మా ఇంటికి వచ్చేసరికి పదకొండవుతుంది. ఈలోపు బూజు మరక కనపడకుండా రుద్దేయాలి. టేపు మాత్రం చివరి నిమిషంలో పీకాలి. ముందే తీస్తే, మా ఇంటి వాసన పైకి పోయి, ఆ పెద్దావిడ దిగివచ్చి ఆ మనుషుల ముందే ఫిర్యాదు చేస్తుంది.

మంగళవారం పొద్దున పాపకి తలనొప్పి ఎక్కువగా ఉంది. ఒకసారి వాంతి చేసుకుంది. కిటాకి పంపలేదు. వేణ్ణీళ్ళతో ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి పడుకోబెట్టాను. ఇంట్లో ముందురోజు పోపు వాసన ఉండకూడదని ఆరున్నర నుంచే వంటింటి మెషీను ఫుల్లు మీద పెట్టాను. పాపకి చలి తగలకుండా కిటికీలన్నీ బిగించాను. తలుపు కింద దుప్పటి సరిచేశాను. బాత్రూంలో వేణ్ణీళ్ళ కుళాయి ధారగా వదిలి, బ్రష్షు పట్టుకుని స్టూలెక్కి రుద్దడం మొదలుపెట్టాను.

ఎనిమిది దాటేసరికి కాళ్ళు బరువెక్కాయి. గుండె గబగబా కొట్టుకుంటోంది. భయం వల్ల అనుకున్నాను. బ్రష్షు రెండుసార్లు చేతిలోంచి జారింది. దిగి వెళ్ళి పాపని చూశాను. బుగ్గలు ఎర్రగా, కదలకుండా పడుకుంది. పోనీలే, ఏడవకుండా నిద్రపోయింది, పని చేసుకోవచ్చు అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎనిమిదిన్నరకి బెల్ మోగింది.

పోస్టు మనిషేమో అనుకుని వెళ్ళి తలుపు లాగితే రాలేదు. రెండు చేతులతో లాగాను. దుప్పటి అడ్డం పడింది. కాలితో దాన్ని తన్ని మళ్ళీ లాగితే ఒక్కసారిగా తెరుచుకుంది. ఎదురుగా యాభై దాటిన ఒక మనిషి, పొడుగాటి బ్రష్షు కర్రలతో. ఆయన వెనక ఒక ఆడమనిషి, భుజం మీద లావుపాటి గొట్టం చుట్టతో. గాలి గొట్టాల వాళ్ళు. పదకొండుకు రావలసినవాళ్ళు.

ఆయన గడప లోపల అడుగు పెట్టాడో లేదో, నడుము బెల్టుకి ఉన్న చిన్న డబ్బా కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని చూశాడు. ముఖం మారిపోయింది.

"బయటికి రండి. వెంటనే. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"ఆ టేపు నేనే వేశాను," అన్నాను. "తీసేస్తాను. పది నిమిషాలు ఇవ్వండి."

"ఇంట్లో ఎవరున్నారు?"

"తీసేస్తానండీ, ఫోటో తీయకండి..."

ఆయన నా భుజాలు పట్టుకుని ముఖంలోకి ముఖం పెట్టి అరిచాడు. "పిల్లలున్నారా?"

అప్పుడు అర్థమైంది. ఆయన అడుగుతున్నది టేపు గురించి కాదు. పడగ్గది వైపు చెయ్యి చూపించాను. పరిగెత్తబోతే మోకాళ్ళు మడతపడి గోడకి ఆనుకుని జారిపోయాను. ఆ ఆడమనిషి గొట్టం కింద పడేసి ఊపిరి బిగబట్టి లోపలికి దూకింది. కుళాయి ఆగింది, మెషీను ఆగింది, కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఆయన పాపని భుజాన వేసుకుని వచ్చాడు. తల వెనక్కి వేలాడుతోంది. ఒక చెయ్యి ఆయన నడుము దగ్గర ఊగుతోంది, ఎవరిదో బొమ్మ చెయ్యి లాగా.

నన్ను మెట్ల మీదికి ఎవరు లాగారో గుర్తులేదు. మెట్ల దగ్గర కిటికీ తెరిచి ఉంది, చల్లగాలి కొడుతోంది. ఆయన ఫోనులో మా అడ్రసు చెబుతున్నాడు. పై ఇంటి పెద్దావిడ అరుపులకి దిగివచ్చింది. మెట్టు మీద కూర్చుని పాపని ఒళ్ళోకి తీసుకుని తన కోటులో చుట్టేసింది. బుగ్గ మీద తడుతూ, లే, లే, అంటోంది జర్మన్‌లో. నేను తెలుగులో పిలుస్తున్నాను. తల్లీ, బంగారం, కళ్ళు తెరువమ్మా. పాప ముక్కు దగ్గర చెవి పెట్టాను. నా గుండె చప్పుడే వినిపిస్తోంది తప్ప దాని ఊపిరి వినిపించలేదు. నన్ను పక్కకి జరిపి ఆ మనిషి తన చెంప ఆనించి చూశాడు.

"ఊపిరి ఉంది," అన్నాడు. "పిలుస్తూ ఉండండి."

ఎంతసేపు పిలిచానో తెలియదు. కింద అంబులెన్స్ సైరన్ వినపడే వేళకి పాప ఒళ్ళు ఒక్కసారి బిగుసుకుని, ఆ పెద్దావిడ కోటు మీద వాంతి చేసుకుంది. తర్వాత ఏడ్చింది. చలేస్తోందని జర్మన్‌లో అంది. ఆ ఒక్క మాట కోసం నేను ఎవరి కాళ్ళయినా పట్టుకునేదాన్ని.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. డాక్టరమ్మ అప్పుడు చెప్పింది. మా తెల్లడబ్బా గ్యాస్‌తో నడిచేది. దాని మంటకి గాలి కావాలి, దాని పొగ పైకి పోవాలి. నేను ఇంట్లోకి గాలి వచ్చే దారులన్నీ మూసి, ఉన్న గాలిని మెషీనుతో బయటికి లాగేస్తుంటే, ఆ పొగ పైకి పోవడం మాని గదుల్లోకి దిగింది. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంది, ఆ మనిషి నడుముకున్న డబ్బా అరిచింది దానికే. దానికి రంగు లేదు, వాసన లేదు.

వాసన లేదు. రెండు నెలలు నేను వాసనకి భయపడ్డాను.

"పాపకి తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

"మూడు వారాలు. ఇంట్లో ఉంటేనే. బయటికి వెళ్తే తగ్గుతుంది."

ఆమె రాయడం ఆపి తలెత్తింది. "ఇంత కచ్చితంగా తెలుసా మీకు?"

తెలుసు. నా చేతిరాతతో ఉంది. అది వదిలేసి, గాలి గొట్టాల వాళ్ళు పదకొండుకు వస్తారని లెక్క వేసుకున్నానని చెప్పాను. ఆమె పాప వైపు చూసింది. "పదకొండుకు వచ్చి ఉంటే మనం ఇలా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం కాదు," అంది.

మాస్కు పక్కకి తీసి, నేను టేపు వేయించిన రెండిళ్ళకీ ఫోను చేశాను. నర్సు తిడుతూనే ఉంది.

"అక్కా, ఆ టేపు పీకెయ్. ఇప్పుడే."

"ఏమైందే? గా గొంతేంది? పప్పు పొయ్యి మీద ఉంది, అయినంక తీస్త."

"పప్పు మాడనియ్యి. ముందు పీకు. కిటికీలు తెరువు. మీ నీళ్ళ డబ్బా గ్యాస్‌దా, కరెంటుదా చూడు."

రెండిళ్ళలోనూ కరెంటువే. ఆ మాట విన్నాకే ఫోను పెట్టేసి మాస్కు మళ్ళీ తగిలించుకున్నాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, పాప మేజోళ్ళు రెండూ చేతిలో పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. టేపు ఎందుకేశావని అడగలేదు. ఎందుకో ఆయనకీ తెలుసు. సాయంత్రం అయ్యాక, "ఇల్లు పోతే పోనీ," అన్నాడు. అంతే.

ఇల్లు పోలేదు. బిల్డింగు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. జాలీలు మూయకూడదు, ఆ మెషీను తీసేయాలి, ఇద్దరూ సంతకం పెట్టండి. పెట్టాం. పది రోజులకి గాలి గొట్టాల మనిషి మిగిలిన పని పూర్తి చేయడానికి వచ్చాడు. ఆ టేపు తనే పీకి, ఉండ చుట్టి చెత్తసంచిలో వేశాడు. జాలీ ఊడదీసి బ్రష్షు పైకి పంపితే, బూడిదరంగు దుమ్ము గొంగళి ముక్కల్లా రాలిపడింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి అడుగు పడలేదు.

"ఆ రోజు పై అంతస్తు నుంచి ఎందుకు మొదలుపెట్టారు?" అని అడిగాను. పుస్తకంలో లేని కారణమేదో ఉంటుందనుకున్నాను.

"లిఫ్టు లేదు కదమ్మా. పొద్దున బలం ఉండగానే సామాను పైకి మోసేస్తే, తర్వాత దిగడమే పని. నా మోకాళ్ళు అలాంటివి," అన్నాడు.

వెళ్ళే ముందు టిష్యూ కాగితం ఒకటి చింపి జాలీకి ఆనించి చెయ్యి తీశాడు. కాగితం కింద పడకుండా అతుక్కుని ఉంది. గొట్టం గాలి లాగుతోందన్నమాట. అనుమానం వచ్చినప్పుడల్లా ఇలా చూసుకోండి అన్నాడు.

పెద్దావిడ కోటు ఉతికించి తీసుకెళ్ళి ఇచ్చాను. "రెండు నెలలుగా మీ వంట వాసన లేదు. ఊరెళ్ళారేమో అనుకున్నాను," అంది. తర్వాత కొంచెం ఆలోచించి, "చేపలు వండే రోజు మాత్రం ముందు చెప్పండి. తువ్వాళ్ళు తీసి లోపల పెట్టుకుంటాను," అంది.

ఆ లావుపాటి పుస్తకం తిరిగి ఇచ్చే ముందు, లైబ్రరీ కౌంటరు పక్కనే నిలబడి గ్యాస్ అధ్యాయం తీశాను. తొమ్మిది పేజీలే ఉంది. తలనొప్పి, వాంతులు, బయటికి వెళ్తే తగ్గడం, పసుపు మంట, పొగ లాగే మెషీను, మూసిన జాలీ. అన్నీ వరసగా ఉన్నాయి, ఎవరో మా ఇంట్లో ఉండి చూసి రాసినట్టు. మధ్యలో అక్షరాలు అలుక్కుపోతే ఆగి, మళ్ళీ చదివాను. ఆ రోజు ఇంకే పుస్తకమూ తీసుకోలేదు. మళ్ళీ వారం వెళ్ళాను. ఇప్పుడు ఏ పుస్తకం తెచ్చుకున్నా, నాకు అక్కర్లేదనిపించిన అధ్యాయంతో మొదలుపెడతాను.

తర్వాత మేమే మారి వచ్చిన ఈ ఇంట్లో గ్యాస్ లేదు. చేరే ముందు అడిగాను, కాగితాలు చూశాను, డబ్బా మూత తీయించి చూశాను. పాప రెండో క్లాసు. స్నానానికి వెళ్ళే ముందు నేను జాలీ దగ్గర టిష్యూ పట్టుకుని నిలబడితే, తువ్వాలు భుజాన వేసుకుని విసుక్కుంటుంది.

"అమ్మా, ఇక్కడ గ్యాస్ లేదని నువ్వే చెప్పావు కదా," అంటుంది జర్మన్‌లో.

తెలుసు తల్లీ అంటాను. చెయ్యి తీస్తాను. కాగితం ఒక్క క్షణం ఊగుతుంది, తర్వాత అతుక్కుంటుంది. అప్పుడు పాపని తలుపు వేసుకోనిస్తాను. గడియ మాత్రం పెట్టుకోవద్దంటాను.